పదికి పది వేసిన కేక

పోయిన వారం సుప్రజను మేడ్చల్ ఫిల్మ్ క్లబ్బు మేడమీది గదిలో, పెన్ను మూత తీస్తుండగా వదిలిపెట్టాం. ఈ పదేళ్లలో మనవాళ్లు తీసిన దయ్యం సినిమాలన్నీ ముందు వేసుకుని, ఏ దర్శకుడు పైమెట్టు, ఎవరు కిందిమెట్టు అని తేల్చడానికి ముగ్గురు న్యాయనిర్ణేతలు పొద్దున తొమ్మిదింటికే అక్కడ చేరారు. సాయంత్రం అయిదింటికి సభ. వెంకటసాయి మొదటివాడని తేలిపోయింది. మార్కుల కాగితం మీద సుప్రజ సంతకం ఒక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి ఒకామె తలుపు తోసుకుని వచ్చి, "ఆ సిన్మల అరిసింది దయ్యం గాదు. మా అమ్మ," అంది.

సుప్రజ పెన్నుకు మళ్లీ మూత పెట్టింది.

వచ్చినామెకు ముప్పై దాటి ఉండవు. చీర అంచు తడిసి ఆరి, బురద మరకలు కట్టి ఉంది. చేతిలో అద్దం పగిలిన ఫోను. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు గానీ చూపు మాత్రం ఎటూ కదలకుండా సుప్రజ మీదే ఉంది.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ మీటింగు జరుగుతోంది. కింద బోర్డు చదవలేదా?" అన్నాడు యజ్ఞనారాయణ.

"సదివిన సారూ. ఇంటరు దాక సదువుకున్న. నా పేరు శోభారాణి. మాది శామీర్‌పేట. నాకు మీతోని పనిలేదు. గీ మేడంతోని ఉంది."

యజ్ఞనారాయణ క్లబ్బుకు అధ్యక్షుడు. రేడియోలో ముప్పై రెండేళ్లు శబ్దగ్రహణం చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ వాన చప్పుడూ చెట్ల చప్పుడూ పట్టి, అడిగిన సినిమావాళ్లకు ఇస్తుంటాడు. కాకినాడ నుంచి పెళ్లి చేసుకుని ఈ కాలనీకి వచ్చి, పగలంతా ఏం చెయ్యాలో తోచక సినిమాల గురించి వీడియోలు మొదలుపెట్టిన సుప్రజకు వినడం నేర్పినవాడు ఆయనే. "బొమ్మ అందరూ చూస్తారు అమ్మాయ్. నువ్వు కళ్లు మూసుకుని చూడు," అనేవాడు. ఆ చెవులతోనే ఆమె 'భయం బేరీజు' అనే ఛానెల్ పెట్టింది. దయ్యం సినిమా ఏది వచ్చినా దాన్ని విడదీసి, భయానికి ఇన్ని, కథకు ఇన్ని, శబ్దానికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఇప్పుడు ఆమె మాటకు మూడు లక్షలమంది చెవి ఒగ్గుతున్నారు.

మూడో న్యాయనిర్ణేత శేషారత్నం. అల్వాల్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయింది. ఆవిడే లేచి కుర్చీ జరిపి, "ముందు కూర్చో అమ్మా," అంది.

"కూసోను. నిలవడే అడుగుత." శోభారాణి రెండడుగులు ముందుకు వచ్చింది. "మేడం, మా అమ్మకు ఎన్ని మార్కులేసినవ్?"

సుప్రజకు చర్రున కోపం వచ్చింది. పొద్దుటినుంచీ గొంతు ఎండిపోయేలా వాదించి వాదించి ఉంది. జయకృష్ణ సినిమాలను పక్కన పెట్టడానికి గంట పట్టింది. అతను ఒంటిని భయపెడతాడు, మనసును కాదు. 'పదమూడో లిఫ్టు'లో తలుపు దబ్బున మూసుకున్నప్పుడల్లా జనం కుర్చీలోంచి ఎగిరిపడతారు, ఆ వెంటనే నవ్వుకుంటారు, ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు అని ఆమె అంటే, ఎగిరిపడటం కూడా భయమే కదా అని యజ్ఞనారాయణ వాదించాడు. ఆ తర్వాత మిగిలింది అశ్రిత, వెంకటసాయి. శేషారత్నం అశ్రిత పక్షం. 'ఎంగిలి కంచం'లో దయ్యమే కనపడదు. చచ్చిపోయిన కోడలికి రోజూ కంచం పెట్టి వడ్డించే అత్తగారు, మర్నాటికి ఖాళీ అయ్యే కంచం, అంతే. "ఆ సినిమా చూశాక వారం రోజులు నా వంటింట్లోకి నేను పోలేకపోయాను," అంది శేషారత్నం. సుప్రజ కూడా కాదనలేదు. కానీ 'నీళ్లవాకిలి'లో వెంకటసాయి చెరువు మధ్యలోంచి ఒక కేక వినిపించాడు. ఆ ఒక్క కేక కోసం అతనికి శబ్దం పద్దులో పదికి పది వేసింది. అశ్రితకు ఏడు. చివరికి ఇద్దరి మధ్యా తేడా సరిగ్గా ఆ మూడు మార్కులే.

ఇంత తూచి తూచి వేసిన మార్కును పట్టుకుని, ఎవరో వచ్చి మా అమ్మది అంటే?

"చూడండి," అంది సుప్రజ. "సినిమా ఆడాక ఆ కథ నాది, ఆ పాట నాది అని వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. నాకే నెలకు ఇద్దరు ఫోన్ చేస్తారు. మీకేదైనా ఫిర్యాదు ఉంటే సినిమా తీసినవాళ్లను అడగండి. నేను చూసి మార్కులేసేదాన్ని, అంతే."

"గంతేనా?" శోభారాణి నవ్విన నవ్వులో నవ్వు లేదు. "ఆ సిన్మ మొదటి వారం ఎవడు జూసిండు మేడం? మేడ్చల్‌ల ఆటకు ఇరవై మంది గూడ లేరు. గప్పుడు నువ్వు వీడియో బెట్టినవ్. 'పదికి పది వేసిన కేక' అని పేరు వెట్టినవ్. ఆ ముక్క ఒక్కటే కోసి ముప్పై సార్లు ఇనిపిచ్చినవ్. లైటు బంద్ జేసి, చెవులల్ల వెట్టుకొని ఇనుండ్రి అన్నవ్. దొంగతనం జేసినోడు జేసిండు. ఆ దొంగసొమ్మును నెత్తికెత్తుకొని ఊరంత దిప్పింది నువ్వు."

"మాటలు జాగ్రత్త!" అన్నాడు యజ్ఞనారాయణ బల్ల మీద చరుస్తూ.

"నువ్వు ఆగు సారూ." ఆమె అటు తిరగను కూడా తిరగలేదు. "అంగట్ల మా అమ్మ చేపలమ్మేది మేడం. ఒకరోజు పక్క దుకాణంల ఎవడో ఫోన్ల నీ వీడియో పెట్టిండు. మా అమ్మ తట్టల చెయ్యి వెట్టినామె వెట్టినట్టే ఇరుసుకపడ్డది. ఇగ ఆ గొంతు ఆమెదేనని అందరికి సమజయింది. ఆ రోజుకాడికెల్లి పోరగాండ్లు ఆమె ముందటికి వచ్చి గట్లనే అరుస్తాండ్రు. కార్లు ఆపి, 'అమ్మా, జర ఒక్కసారి దయ్యం లెక్క ఒర్లు, వీడియో తీసుకుంట' అని అడుగుతాండ్రు. రెండు నెలలాయె, ఇంట్లకెల్లి బయటికి రాలే. నోరు తెర్వలే. ఇదంత నువ్వేసిన మార్కుల పున్నెం."

శేషారత్నం గ్లాసులో నీళ్లు పోసి అందించింది. శోభారాణి తీసుకోలేదు. గ్లాసు బల్ల మీద అలాగే ఉండిపోయింది.

సుప్రజ పట్టు విడవలేదు. ఆమె స్వభావం అది. తన చెవి మీద తనకున్న నమ్మకం ముందు ఎవరి కన్నీళ్లూ నిలవవు. "గొంతులు కలుస్తాయండీ. బాధలో ఉన్న ఆడవాళ్ల కేకలు ఒకేలా ఉంటాయి. పైగా అందులో మాటలు కూడా లేవు. అది అసలు మనిషి భాషే కాదు. నేను వీడియోలో చెప్పాను కదా, వెంకటసాయి దయ్యానికంటూ ఒక కొత్త మాట పుట్టించాడని. 'ర్మేఁ...షోఁ...' అని. దానికి అర్థం లేదు. అర్థం లేకపోవడమే అందులో భయం."

శోభారాణి మొహం చిత్రంగా మారిపోయింది. కోపం పోయింది. దాని కింద ఉన్నది బయటికొచ్చింది.

"అర్థం లేదా మేడం?" అంది చాలా మెల్లగా.

ఫోను తీసి బల్ల మీద పెట్టింది. పగిలిన అద్దం వెనక ఒక వీడియో. చెరువు కట్ట, జనం, దూరంగా నీళ్ల అంచున కూలబడ్డ ఒక ముసలామె. గాలికి మాటలు చెదిరిపోతున్నాయి. ఎవరిదో బండి హారన్ మోగుతూనే ఉంది. ఆ గోల మధ్యలోంచి ఆ గొంతు లేచింది. మొదట సన్నగా, తర్వాత ఒక్కసారిగా పైకి పోయి, నడిమధ్యలో కర్ర విరిగినట్టు విరిగి, మళ్లీ అతుక్కుంది.

"ఓ... పర్మేశో... ఓ పర్మేశో..."

"మా అన్న పేరు పరమేశ్," అంది శోభారాణి. "రెండేండ్ల కింద, మిరుగు కార్తె ముందటి రోజు, చెర్వుల మునిగి సచ్చిపోయిండు. తెల్లారితే పట్నమంత చేపలు కొనే రోజు గదా, వలేస్తందుకు పోయి పుట్టి పడవ బోర్లపడ్డది. మా ఇస్తారి కాక తీసిండు గీ వీడియో. మా అమ్మ కొడుకును పేరువెట్టి పిలుస్తాంది మేడం. దాన్ని సాగదీసి సాగదీసి, ముందటి అచ్చరం మింగేసి నీకు ఇనిపిచ్చిండ్రు. నువ్వు దయ్యాల భాష అన్నవ్."

ఆ విరుపు సుప్రజకు కంఠతా వచ్చు. ముప్పై సార్లు కాదు, మూడువందల సార్లు విని ఉంటుంది. ఏ నటీ పట్టలేని విరుపు అని, ఇలాంటిది మన తెలుగులో ఇంతవరకూ రాలేదని, తనే చిటికె వేసి మరీ చెప్పింది. ఎదురుగా కూర్చున్న శేషారత్నం కళ్లు తుడుచుకోవడం కనిపించి, తన కళ్లు పొడిగా ఉన్నందుకు సిగ్గనిపించింది.

"సరే, పోలిక ఉంది," అన్నాడు యజ్ఞనారాయణ గొంతు సవరించుకుని. "ఎవడో ఈ వీడియో ఎక్కడో చూసి ఉంటాడు. దాంట్లోంచి గొంతు తీసుకున్నాడనుకుందాం. అది దర్శకుడి తప్పేమోగానీ అతని కళ తప్పు కాదుగా? మనం కళకు మార్కులేస్తున్నాం, మనిషికి కాదు. సంతకం పెట్టు అమ్మాయ్. ఈ గొడవ తర్వాత చూద్దాం."

సుప్రజ సంతకం పెట్టలేదు. సంచిలోంచి హెడ్‌ఫోన్లు తీసింది. ముందు శోభారాణి ఫోనుకు తగిలించి విన్నది. తర్వాత తన లాప్‌టాప్‌లో సినిమా ముక్క పెట్టి, వేగం పెంచి పెంచి, సాగదీసినదాన్ని మామూలు గొంతు అయ్యేదాకా తెచ్చి విన్నది. మళ్లీ ఇది, మళ్లీ అది. ఆమె కనుబొమలు ముడిపడటం శోభారాణి చూసింది.

"ఏమైంది?"

"ఇది ఈ వీడియోలోంచి తీసింది కాదు."

"మళ్ల మొదలువెట్టినవా!"

"కాదు, వినండి. గొంతు మీ అమ్మదే. నేను ఒప్పుకుంటున్నాను. మీ అన్న పేరే పిలుస్తోంది, ఇప్పుడు ముందు అక్షరం కూడా వినపడుతోంది. కానీ ఇది వేరే పిలుపు." సుప్రజ మాటలు వేగమయ్యాయి. "మీ వీడియోలో గాలి ఉంది, జనం ఉన్నారు, హారన్ ఉంది. ఎంత గొప్ప యంత్రం పెట్టినా వాటన్నిటినీ ఇంత శుభ్రంగా తీసెయ్యడం కుదరదు. సినిమాలోదాంట్లో జనమే లేరు. ఆమె ఊపిరి పీల్చడం వినపడుతోంది. ఒడ్డుకు అల తగలడం వినపడుతోంది. ఎవరో మంచి మైకు పట్టుకుని ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. జనం రాకముందే."

శోభారాణి ఇప్పుడు కుర్చీలో కూర్చుంది.

"జనం రాకముందు ఆడ మా అమ్మ తప్ప ఎవ్వలు లేరు," అంది. "అట్లనే జెప్పిండ్రు అందరు. అన్న తాగి పడ్డడన్నరు. మా అన్న మాల వేసిన కాడికెల్లి చుక్క ముట్టలేదంటే ఒక్కడు ఇనలే."

సుప్రజకు ఇంకోటి గుర్తొచ్చింది. వెంకటసాయితో తను చేసిన ముఖాముఖిలో, ఆ చెరువును మొదటిసారి ఎప్పుడు చూశారని అడిగితే, "పోయినేడు దసరా వెళ్లాక" అన్నాడతను నవ్వుతూ. పరమేశ్ పోయింది అంతకు ఏడాది ముందటి జూన్‌లో. అప్పటికి సినిమా పేరే ఎవరికీ తెలియదు. అంటే అతను అబద్ధమైనా ఆడి ఉండాలి, లేదా అతనికంటే ముందు ఇంకెవరైనా ఆ ఒడ్డుకు వెళ్లి ఉండాలి. అక్కడే ఫోన్ చేసింది. వెంకటసాయి ఎత్తలేదు.

"మాస్టారూ," అంది హెడ్‌ఫోన్లు యజ్ఞనారాయణ వైపు చాపి. "నేను పొరబడుతున్నానేమో. ఒక్కసారి మీరు వినండి. మీరు వింటే ఏ మైకో, ఎంత దూరమో చిటికెలో చెప్పేస్తారు."

"అక్కర్లేదు."

"ఒక్క నిమిషం మాస్టారూ."

"అక్కర్లేదన్నానా!" ఆయన ఆమె చేతిని విసురుగా తోసేశాడు. హెడ్‌ఫోన్లు బల్ల మీదినుంచి జారి కింద పడ్డాయి. "నేను నేర్పిన చెవులు పట్టుకుని నాకే పరీక్ష పెడతావా? వీధిలోంచి ఎవరో వచ్చి రెండు కన్నీటిబొట్లు రాలిస్తే నాలుగేళ్లుగా చెప్పిందంతా కొట్టుకుపోయిందా? వెంకటసాయికి కబురు పంపాం, పూలదండలు వచ్చాయి, హాలు నిండబోతోంది. కూర్చుని సంతకం పెట్టు."

నాలుగేళ్లలో ఆయన ఆమె మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. సుప్రజ కిందికి వంగి హెడ్‌ఫోన్లు తీసుకుంది. లేచేసరికి ఆమెలో ఏదో తెగిపోయింది. మార్కుల కాగితం దగ్గరకు లాక్కుని, వెంకటసాయి పేరు ఎదురుగా శబ్దం గడిలో ఉన్న పదిని అడ్డంగా కొట్టేసింది. ఆ పక్కన సున్నా కూడా వెయ్యలేదు. గడి ఖాళీగా వదిలేసింది.

"ఇది నేను వెయ్యదగ్గ మార్కు కాదు," అంది. "మీ అమ్మగారిని చూడాలి శోభారాణిగారూ. నన్ను తీసుకెళ్తారా?"

"ఎందుకు? ఇంకో వీడియో తీస్తవా?"

"ఫోను మీ చేతికిస్తాను. మీ దగ్గరే ఉంచుకోండి."

శోభారాణి ఆమెను పైనుంచి కిందికి చూసింది. తర్వాత చెయ్యి చాపింది. సుప్రజ ఫోను అందులో పెట్టింది.

వెనకనుంచి యజ్ఞనారాయణ ఏదో అరుస్తూనే ఉన్నాడు. మెట్ల మలుపు దాటేదాకా ఆ గొంతు వాళ్ల వెంట వచ్చింది.

*

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇద్దరూ సుప్రజ స్కూటీ మీద వెళ్లారు. మిట్టమధ్యాహ్నపు ఎండ. రింగురోడ్డు కింద లారీలు బారులు తీరి ఉన్నాయి. వెనక కూర్చున్న మనిషి తన భుజం పట్టుకోకుండా, సీటు వెనక కడ్డీని పట్టుకుని కూర్చుందని సుప్రజ గమనించింది. గతుకు వచ్చినా ఆ చెయ్యి అటునుంచి ఇటు రాలేదు.

చెరువు కట్టకు ఈవల సందులో రేకుల ఇల్లు. గుమ్మం పక్కన గోడకు పుట్టి నడిపే తెడ్డు ఆనించి ఉంది. శోభారాణి తల్లి మైసమ్మ వాకిట్లో కూర్చుని, చేపలు పెట్టే అల్యూమినియం తట్టను బూడిదతో తోముతోంది. రెండు నెలలుగా దాంట్లో ఒక్క చేప పడలేదు. అయినా రోజూ తోముతుందని శోభారాణి చెప్పింది. చెక్కినట్టున్న సన్నటి మనిషి. కూతురి వెనక ఎవరో పట్నపామె రావడం చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, గీమెనే వీడియో వెట్టింది," అంది శోభారాణి.

మైసమ్మ తోమడం ఆపలేదు.

సుప్రజ వాకిట్లోనే నేల మీద కూర్చుంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు ఒక్క మాటా గుర్తు రాలేదు. "పెద్దమ్మా, తప్పు చేశాను. అది ఒక తల్లి పిలుపని నాకు తెలియలేదు," అంది.

బూడిద చేయి గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"క్షమించమని అడగడానికి మాత్రమే రాలేదు. ఆ రోజు మీరు మీ అబ్బాయిని పిలిచినప్పుడు, జనం రాకముందు, మీ పక్కన ఇంకెవరో ఉన్నారు. నేను విన్నాను. నిజమేనా?"

తోముతున్న చెయ్యి ఆగింది.

శోభారాణి తల్లి ముందు కూలబడి మోకాళ్లు పట్టుకుంది. "ఉన్నరా అమ్మా? నాకెందుకు జెప్పలే? గింత కాలం నాకెందుకు జెప్పలే?"

మైసమ్మ పెదవులు కదిలాయి. రెండు నెలలు వాడని గొంతు. మొదట గాలే వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"చెప్తే నన్ను తిడ్తవని చెప్పలే బిడ్డా."

"నేనెందుకు తిడ్త?"

"ఒకాయన వచ్చిండు," అంది మైసమ్మ, తట్ట వైపే చూస్తూ. "పెద్దమనిషి. తెల్లబట్టలు. చేతుల బొచ్చుకుక్క తోక లెక్క ఉన్న కట్టె. చెవులకు డొప్పలు. నీళ్ల సప్పుడు గావాలె అన్నడు. నువ్వు పుట్టి ఏసుకొని నడిమిట్లకు వొయ్యి తెడ్డుతోని కొట్టు, నేను ఈడికెల్లి ఇంట అన్నడు మన పరమేశ్‌తోని. వాడు సరే అని పోయిండు. వలకని పోలే బిడ్డా. ఆ సప్పుడు కోసం పోయిండు. నేను సద్ది దెస్తందుకు ఇంటికొచ్చిన."

సందులో ఎవరో కుక్కర్ దింపిన చప్పుడు.

"సద్ది వట్టుకొని వొయ్యేసరికి పుట్టి బోర్ల వడి ఉంది. నా కొడుకు కనవడలే. ఆయన ఒడ్డు మీద గట్లనే నిలవడ్డడు, డొప్పలు చెవులకు వెట్టుకొని. నా కొడుకేడి సారూ అన్న. పిలువమ్మా, పలుకుతడు అన్నడు. నేను పిల్సిన. పానమంత వెట్టి పిల్సిన."

ఆమె గొంతు విరిగింది. సినిమాలో విరిగినచోటే విరిగింది.

"గాలి అడ్డమొచ్చింది, ఇంకోసారి పిలువమ్మా అన్నడు. నా కొడుక్కు ఇనవడలేదంటాండు గావచ్చు అనుకున్న. గాలికి వానికి ఇనవడలే గావచ్చు అనుకున్న. ఇంకోసారి పిల్సిన. మల్లొక్కసారి అన్నడు. మల్ల పిల్సిన. మూడుసార్లు పిల్సిన బిడ్డా. పిల్సుకుంట నిలవడ్డ. గప్పుడే ఊర్లెకు ఉరికి మీ ఇస్తారి కాకను తోలుకొస్తే..." మైసమ్మ బూడిద చేతులతో మొహం కప్పుకుంది. "మూడోసారి అయినంక, ఆగు, మనుషులను తోలుకొస్త అని ఆయన వొయిండు. మల్ల రాలే. జనమొచ్చినంక, నువ్వు రాకముందు, చెప్తే, ఆడ ఎవ్వలు లేరు, నీకు మతి తప్పిందన్నరు. నాకే నిజమనిపిచ్చింది. మొన్న ఆ ఫోన్ల ఇనేదాక."

శోభారాణి తల్లిని తిట్టలేదు. ఆమె తలను తన ఒళ్లోకి లాక్కుని, గోడకున్న తెడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్లు గడ్డం దాకా వచ్చి ఆగకుండా రాలుతున్నాయి. చాలాసేపటికి సుప్రజ వైపు తిరిగింది. ఆ చూపులో పొద్దుటి కోపం కంటే పెద్దది ఇంకేదో ఉంది.

"ఎవడు మేడం వాడు? నీకు సిన్మలోల్లు అందరు ఎరికే గదా. ఎవడు?"

"వెంకటసాయి కాదు," అంది సుప్రజ తనలో తను. "అతనికి నా కంటే రెండేళ్లు ఎక్కువ ఉంటాయేమో. మైకూ హెడ్‌ఫోన్లూ పట్టుకున్న తెల్లబట్టల పెద్దమనిషి అంటే..."

మాట పూర్తి కాలేదు. సందు మొగలో కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. యజ్ఞనారాయణ దిగాడు. ఎండకు కళ్లు చికిలించుకుంటూ, చేతిలో మార్కుల కాగితాల ఫైలుతో, చకచకా ఇంటి వైపు వచ్చాడు.

"అమ్మాయ్, నీకోసం ఎక్కడెక్కడ అడుగుతూ రావాలి?" అన్నాడు కంచె దగ్గరనుంచే. "కొట్టేసింది సరిచేసి ఒక్క సంతకం పెట్టు, ఆ తర్వాత నీ ఇష్టం. మూడు గంటలు కూడా లేదు సభకు."

శోభారాణి ఒళ్లోంచి మైసమ్మ తల ఎత్తింది. ఆమె ఆయన మొహం వైపు చూడలేదు. ముందు చెవి ఒగ్గింది. ఆ గొంతు పూర్తిగా లోపలికి దిగేదాకా కదలకుండా విన్నది. అప్పుడు కూతురి భుజం పట్టుకుని లేచింది. చెంగుకు బూడిద చేతులు తుడుచుకుని, నాలుగడుగులు నడిచి, కంచె ఇవతల ఆయనకు ఎదురుగా నిలబడింది.

"వచ్చినవా సారూ," అంది మైసమ్మ. "ఇయ్యాల గాలి లేదు. పిల్వాల్నా?"